అక్కయమ్మ దొరను మేపిన వైనం

మిట్టేమరిలో కప్పను పెంచిన తొలి మనిషి అక్కయమ్మ. ఊళ్ళో కప్పలకు కొదవ ఉండి ఈ మాట అనడం లేదు. వాన పడిందంటే మడుల్లోంచి అవి చేసే రచ్చకు పక్కింటి పోట్లాట కూడా సరిగ్గా వినపడదు. అయితే వాటిని ఎవరూ పెంచలేదు, వాటంతట అవే పెరిగాయి. ఒక కప్పకు వేళకు తిండి పెట్టి, వేళకు నీళ్ళు చిలకరించి, అది పొద్దున ఏ రంగున ఉంది, సాయంత్రానికి ఏ రంగుకు తిరిగింది అని విచారణ జరిపిన వ్యక్తి మాత్రం ఊరి చరిత్రలో ఈమే మొదలు.

ఆమెకు అరవై ఒకటి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. పెళ్ళయిన మరుసటేడు నుంచి పట్టుపురుగులు సాకింది. పట్టుపురుగంటే ఆషామాషీ జీవి కాదు. దానికి అగరొత్తుల వాసన పడదు, మల్లెపూలు పడవు, నశ్యం పడదు, తలనూనె పడదు. పురుగుల ఇంట్లోకి పోవాలంటే గడప దగ్గర బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు తడిపి పోవాలి. పరిమళాలన్నీ వదులుకుని ఒక స్త్రీ నలభై ఏళ్ళు బతకడం తపస్సు కాకపోతే మరేమిటి? ఆమె భర్త ఆంజనేయప్ప బీడీ మానేసింది కూడా డాక్టరు చెప్పినందుకు కాదు, పురుగులు ఒప్పుకోనందుకు.

ఈ తపస్సుకు ఫలం దక్కింది. అక్కయమ్మ చేతి పురుగు చెడదని చుట్టుపక్కల పేరు. ఎవరింట్లో పురుగు డీలా పడ్డా ఆమెకు కబురు వచ్చేది. ఆమె వెళ్ళి, తట్టల మీదుగా ఒక చూపు సాగదీసి, "తలుపు తెరిచింది ఎవురు?" అని అడిగేది. ఎవరో ఒకరు తల వంచుకునేవారు.

రెండేళ్ళ కిందట ఆ పేరు పోయింది. ఇంకో వారంలో గూళ్ళు కడతాయనగా పురుగులకు పాలరోగం తగిలింది. ఒళ్ళు ఉబ్బి, తోలు పగిలి, తట్టతట్టంతా పాలు కారింది. మొత్తం పంటను గుంటలో పోసి సున్నం కప్పారు. అక్కయమ్మ ఏడవలేదు. పురుగుల ఇల్లు కడిగి, తాళం వేసి, తాళంచెవి బియ్యం డబ్బాలో పడేసింది. కోర్టులో ఇరవై ఏళ్ళు పట్టే విచారణ ఊళ్ళో ఒక్క పూటలో ముగిసింది. తీర్పు: అక్కయమ్మ చెయ్యి పాయె. అప్పటి నుంచి కబుర్లు ఆగిపోయాయి. దారిలో ఎదురుపడ్డవాళ్ళు అడక్కుండానే సంజాయిషీ ఇచ్చేవారు. "నీకు పనుంటాదేమోనని పిలవలేదమ్మా."

ఇలాంటి రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆమె చెల్లెలి కొడుకు పునీత్ బాగేపల్లి బస్సు దిగి, గాజుపెట్టె ఒకటి రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం. పెళ్ళి కాలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి కప్పను కొన్నాడు.

పెట్టెలో కొబ్బరిమట్ట ముక్క మీద అది కూర్చుని ఉంది. అరచేతికి నిండుగా, పచ్చగా, మెత్తగా, నడుం చుట్టూ మడతలతో. కళ్ళమీదికి కొవ్వు వాలి, లోకమంతా తనకు శిస్తు బాకీ ఉన్నట్టు అరమోడ్పు చూపు.

"ఆస్ట్రేలియా జాతి పెద్దమ్మా. చెట్టుకప్ప. పేరు పిస్తా."

"కప్పకు పేరెందుకురా? పిలిస్తే వస్తుందా?"

"రాదు."

"మల్ల? దీని వాలకం చూడు, దొర మాదిరి ఉండాడు. దొర అంటే సరిపాయె."

ఆంజనేయప్ప కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికొచ్చాడు. పునీత్ ప్లాస్టిక్ కవరులోంచి కప్ప తాలూకు కొనుగోలు రసీదు, నమోదు పత్రం తీసి చూపించాడు. ఆంజనేయప్ప వాటిని ఇటూ అటూ తిప్పి చదివి నిట్టూర్చాడు. "మన పొలం పహణి కంటే సొగసుగా ఉండాదే. మనకు మూడు ఎకరాలకు ఇంత తీరైన కాగితం ల్యా."

అసలు సంగతి తరువాత బయటపడింది. పునీత్‌ను కంపెనీ మూడు వారాలు పూనా పంపుతోంది. దొర తొమ్మిది రోజులుగా ఏమీ తినలేదు. బెంగుళూరులో డాక్టరుకు చూపిస్తే ఒంట్లో రోగం లేదన్నాడు, చోటు మారితే తింటుందేమో అన్నాడు.

"నాకు తెలిసినోళ్ళల్లో పురుగూ పుట్రా సాకినదానివి నువ్వొకదానివే పెద్దమ్మా," అన్నాడు పునీత్. ఆ వెంటనే గొంతు తగ్గించి, "ఒకవేళ పోయినా నువ్వేం బాధపడొద్దు," అన్నాడు.

చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణానికే గడపలో అక్కయమ్మ మరిది రామచంద్రప్ప నిలబడి ఉన్నాడు. ఆయన ఇల్లు పక్కదే, ఆయన పురుగుల ఇల్లూ పక్కదే. ఆయన పెట్టెలోకి చూశాడు, వదినను చూశాడు, మళ్ళీ పెట్టెలోకి చూశాడు.

"పురుగే నిలబడలే, ఇంక కప్పేం నిలబడతాది వదినా? ఊరికే ఆ పిల్లోని మనసు కష్టపెట్టొద్దు. వాపస్ పంపీ."

అక్కయమ్మ లేచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, తాళంచెవి తీసింది. "పునీతూ, పెట్టె తీసుకోని రా. కాళ్ళు కడుక్కోని రా."

రెండేళ్ళ తరువాత పురుగుల ఇల్లు తెరుచుకుంది, ఒక కప్ప కోసం. కిటికీలకు తడి గోనెపట్టాలు వేలాడాయి. గోడకు తడి థర్మామీటరు, పొడి థర్మామీటరు పక్కపక్కన వేలాడుతున్నాయి. రేష్మె ఇలాఖె, అంటే పట్టుపరిశ్రమ శాఖ వాళ్ళు, చింతామణిలో పెట్టిన తరబేతికి, అదే శిక్షణకు, పోయినప్పుడు ఇచ్చినవి. అక్కయమ్మ రెండింటినీ ఒక్క చూపు చూసి, గాలిలో తేమ ఎంతుందో చెప్పింది. పునీత్ తన పెట్టెకున్న బొత్తాల యంత్రాన్ని చూసుకున్నాడు. అదీ అదే చెప్పింది, కాకపోతే అరనిమిషం ఆలస్యంగా. పునీత్ నిశ్చింతగా పూనా వెళ్ళిపోయాడు.

దొర మాత్రం తినలేదు.

పునీత్ ఒక డబ్బా నిండా కీచురాళ్ళు ఇచ్చిపోయాడు, ప్రాణంతో ఉన్నవి. కప్పకు కదిలే తిండే కావాలట. అక్కయమ్మ రోజూ దీపాల వేళ రెండు కీచురాళ్ళను పెట్టెలో వదిలేది. అవి దొర ముందు నుంచి నడిచేవి, దొర వీపు మీదుగా నడిచేవి, ఒకటైతే దొర తల మీదెక్కి మీసాలు దువ్వుకుంది. దొర కన్ను కూడా ఆర్పలేదు. నాలుగో రోజున డబ్బా మూత సరిగ్గా పడక మిగిలిన కీచురాళ్ళన్నీ ఇంట్లోకి స్వేచ్ఛగా తరలిపోయాయి. ఆంజనేయప్ప మంచం కింద ఒకటి కాపురం పెట్టింది.

"ఏమ్మే, కప్పకు అన్నం పెడతాండావా, నాకు సంగీతం పెడతాండావా?" అని ఆయన అడిగాడు.

"కదలకుండా పండుకో. నీ కాలు కిందపడితే అది చస్తాది."

రామచంద్రప్ప రోజుకు రెండు సార్లు వచ్చేవాడు, పరామర్శకు. "తినిందా?" అనేవాడు. అడిగే తీరులోనే జవాబు ఉండేది. ఆయన ఇంటికి వెళ్ళాక ఆ జవాబు పాలడైరీ దాకా వెళ్ళేది, డైరీ నుంచి ఊరంతా పంచబడేది. కప్ప బతకడం, చావడం ఇప్పుడు కప్ప సొంత వ్యవహారంగా మిగల్లేదు. అక్కయమ్మ చెయ్యి ఉందా పోయిందా అన్న మొకద్దమాకు అదొక్కటే సాక్షి, ఆ సాక్షి నోరు తెరవడం లేదు.

ఆరో రోజు పొద్దున దొర రంగు మారింది. పచ్చదనం పోయి, పాతపడిన జాజికాయ రంగు వచ్చింది. ఒంటి మీద సన్నటి పొర కమ్మినట్టు మెరుపు తగ్గింది. తల కొంచెం పైకెత్తి కదలకుండా కూర్చుంది. రామచంద్రప్ప చూసి, "అయిపాయె వదినా," అన్నాడు.

అక్కయమ్మ మొహం మాత్రం వెలిగింది. ఆ కూర్చోవడం ఆమెకు తెలుసు. పట్టుపురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టేలోగా నాలుగుసార్లు పొర విడుస్తుంది. ఒక్కో విడుపునూ ఈ ప్రాంతంలో జ్వరమంటారు. పొర విడిచే ముందు పురుగు సరిగ్గా ఇలాగే తల ఎత్తి, మొద్దుగా కూర్చుంటుంది.

"పోయేదేం లేదు. జ్వరానికి కూర్చుండాడు. చూస్తా ఉండు."

నిర్ధారణ నూటికి నూరుపాళ్ళు సరైనది. వైద్యమే ప్రాణం మీదికి తెచ్చింది. జ్వరానికి కూర్చున్న పురుగుకు చేయాల్సినవి రెండు: ఆకు ఆపాలి, పడక ఆరబెట్టి సున్నం చల్లాలి. తడి తగిలిందా, పురుగు చచ్చిందన్నమాటే. నలభై ఏళ్ళుగా నిద్రలో లేపినా చెప్పగలిగే ఈ పాఠాన్ని అక్కయమ్మ ఒక్క అక్షరం తప్పకుండా అమలు చేసింది. నీళ్ళ గిన్నె తీసేసింది. గోనెపట్టాలు విప్పేసింది. పెట్టె అడుగున పలచగా, బియ్యపుపిండితో ముగ్గు వేసినంత ఒద్దికగా, సున్నం చల్లింది. తలుపు చేరవేసి వెళ్ళి, ఎన్నో రోజుల తరువాత కడుపునిండా సంగటి తింది.

మధ్యాహ్నానికి వచ్చి చూస్తే దొర గాజుగోడకు అతుక్కుని, పైకి, ఇంకా పైకి పాకుతోంది. పొట్ట కింద ఎర్రగా కందింది. కళ్ళు సగం మూతబడి అంటుకున్నాయి. అక్కయమ్మ చీపురు పారేసింది. ఫోను తీసి పునీత్‌కు చేసింది.

"సున్నమా?" పునీత్ అరుపు ఫోను దాటి బయటికొచ్చింది. "పెద్దమ్మా, కప్ప నోటితో నీళ్ళు తాగదు! తోలుతో తాగుతాది! దాని తోలే నోరు! ఎత్తు, ఎత్తు, కడుగు ముందు!"

పాలగిన్నెలో గోరువెచ్చని బోరునీళ్ళు పోసి, అక్కయమ్మ దొరను అందులో దించింది. దోసిలితో వీపు మీద పోస్తూ, నీళ్ళు మారుస్తూ, గిన్నె మారుస్తూ గంటసేపు కూర్చుంది. ఆంజనేయప్ప బిందెలు మోసి తెచ్చాడు.

"నా చెయ్యి నిజంగానే పాయెనేమో," అంది అక్కయమ్మ, నీళ్ళ వంకే చూస్తూ. "పురుగులప్పుడు నా తప్పు ల్యా అనుకొంటి. ఇప్పుడు నా ఈ చేత్తోనే గదా సున్నం చల్లితి."

"చల్లిన చెయ్యే గదమ్మే కడుగుతాండేది," అన్నాడాయన.

నాలుగున్నరకు దొర కళ్ళు తెరిచింది. పొట్ట ఎరుపు తగ్గింది. ఆపైన జరిగింది అక్కయమ్మ గిన్నె వదలకుండా చూసింది. దొర ఒళ్ళు విరుచుకుంది, పొట్ట బిగించింది, నోరు తెరిచి మూసింది. వీపు మీద పొర చీలింది. ముందుకాలితో భుజం మీది పొరను, చొక్కా విప్పినట్టు, ముందుకు లాక్కుంది. లాక్కున్నదాన్ని నోట్లో పెట్టుకుంది. అలా లాగుతూ, మింగుతూ, కాళ్ళ చివర దాకా విప్పి, మొత్తం తినేసింది. లోపలి నుంచి కొత్త దొర వచ్చాడు, చిగురు రంగులో, తళతళలాడుతూ.

"యోవ్, చూస్తివా! కట్టిన బట్టే తినేసె వీడు!"

ఆ మాటతో పాటు ఆమె మెదడులో రెండు సంగతులు స్థిరపడ్డాయి. ఒకటి, కప్ప అంటే తలకిందులుగా ఉన్న పట్టుపురుగు. పురుగుకు పొడి కావాల్సిన చోట దీనికి తడి కావాలి. మిగిలినదంతా పాత పాఠమే. రెండోది ఇంకా ముఖ్యం. జ్వరం నుంచి లేచిన పురుగుకు ముదురాకు పెట్టకూడదు. మొదట లేతాకు పెట్టాలి. దొర ఇప్పుడే జ్వరం నుంచి లేచాడు, పదిహేను రోజులుగా పస్తు. ముళ్ళకాళ్ళ కీచురాయి ముదురాకు లెక్క. మెత్తగా ఉండి, ముళ్ళు లేకుండా, కదిలే తిండి ఒకటి కావాలి.

అలాంటిది లోకంలో ఏముందో ఆమెకు తెలుసు. నలభై ఏళ్ళుగా బల్లి నుంచి, చీమ నుంచి, ఎలుక నుంచి, ఉడుత నుంచి, ఒకసారి మేనత్త పిల్లి నుంచి తాను కాపాడుతూ వచ్చిన జీవి అది. దాన్ని తన చేత్తో కప్ప ముందు పెట్టడమా? ఆమె పాలగిన్నె పక్కన చాలాసేపు కూర్చుని ధర్మశాస్త్ర విచారణ చేసింది. చివరికి ఒక సందు దొరికింది. ప్రతి పంటలోనూ జ్వరం నుంచి అందరితో పాటు లేవకుండా వెనకబడిన పురుగులు కొన్ని ఉంటాయి. వాటిని ఎలాగూ ఏరి ఎరువుగుంటలో పారేస్తారు. గుంటకు పోయేది దొర కడుపుకు పోతే పాపం పెరగదు కదా, తగ్గినా తగ్గవచ్చు.

ఆమె పక్కింటికి వెళ్ళింది. రామచంద్రప్ప పురుగులు మూడో జ్వరం దాటి లేచి రెండో రోజు.

"వెనకబడిన పురుగు యాడ వేస్తాండావు?"

"గుంటలో. ఏం?"

"నాలుగు ఈయి. రోగం ల్యాకుండా, చిన్నవిగా ఉండేవి."

"ఎందుకు?"

"దొరకు."

రామచంద్రప్ప చేతిలోని ఆకులబుట్ట దించాడు. "కప్పకు పట్టుపురుగా? వదినా, లక్ష్మిని తీసుకోని పోయి కప్ప నోట్లో పెడతావా? అదీ నా ఇంటి లక్ష్మిని?"

"గుంటలో వేసినప్పుడు లక్ష్మి కాదా?"

"అది... అది వేరే."

"ఎట్ల వేరే? చెప్పు, వింటా."

రామచంద్రప్ప చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు వృథా పోకుండా, "తింటుందా అది?" అని అడిగాడు.

"వచ్చి చూడు. కాళ్ళు కడుక్కోని రా."

దీపాల వేళకు పురుగుల ఇంట్లో ముగ్గురు చేరారు. అక్కయమ్మ ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని, దొరకు జానెడు దూరంలో చెయ్యి ఆనించింది. పట్టుపురుగు ప్రపంచంలోకెల్లా సోమరి జీవి, తిండి దానంతట అదే రావాలంటుంది. దొర రెండో సోమరి, తిండి కదలాలంటాడు. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి కోసం ఒకరు నిరీక్షించారు. పురుగు కదల్లేదు. దొర కదల్లేదు. గోడ మీది థర్మామీటర్లు కూడా కదల్లేదు.

"తినడు వదినా," అన్నాడు రామచంద్రప్ప. కానీ ఈసారి ఆ గొంతులో పాత ధీమా లేదు. నిజం చెప్పాలంటే, వినేవాళ్ళకు ఆశలాంటిది వినిపించింది.

"నీ బుట్టలో లేతాకు ఉండాదా?"

ఆయన పరుగెత్తి తెచ్చాడు. అక్కయమ్మ చిటికెడు లేతాకు తుంచి, గోరుతో నలిపి, పురుగుకు కాస్త ఎడంగా అరచేతి చివర పెట్టింది. ఆకు వాసన పట్టుపురుగుకు ఎంత దూరం నుంచి అందుతుందో ఆ గదిలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పురుగు తల ఎత్తింది. గాలిలో ఇటు ఊపింది, అటు ఊపింది. ఒక అడుగు వేసింది.

దొర కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి.

తరువాత ఏం జరిగిందో ముగ్గురిలో ఎవరూ చూడలేదు, అంత వేగం. చప్పుడు మాత్రం విన్నారు, తడిబట్ట బండకేసి కొట్టినట్టు. అక్కయమ్మ అరచేతిలో ఆకు మాత్రం మిగిలింది. దొర కళ్ళు రెండూ లోపలికి నొక్కుకుని, గుటక వేసి, మళ్ళీ పైకి తెచ్చి, తరువాతి వడ్డన ఎప్పుడన్నట్టు చూశాడు.

"తినె!" అని అరిచాడు రామచంద్రప్ప. "అన్నా, చూస్తివా, తినె! మింగేసె!" ఆయన ఆంజనేయప్పను భుజాలు పట్టి ఊపేశాడు. పురుగుల ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదన్న నియమం పుట్టిన తరువాత దాన్ని అంత ఘనంగా ఎవరూ ఉల్లంఘించలేదు. అక్కయమ్మ ఆయన్ని కసరలేదు. ఆమె తన అరచేతిని, దాని మీద అంటిన కప్పనాలుక తడిని చూసుకుంటోంది. రెండో పురుగును పెట్టింది. మూడోది పెట్టింది. నాలుగోదానికి ఆకు అక్కర్లేకపోయింది, దొరకు నమ్మకం కుదిరింది.

పాలడైరీకి ఆ సాయంత్రం వెళ్ళిన వార్తను మోసింది రామచంద్రప్పే. దారిలో అది కొంచెం పెరిగింది కూడా. డైరీకి చేరేసరికి దొర పదకొండు పురుగులు తిన్నాడు.

మూడు వారాలకు పునీత్ తిరిగివచ్చి, కప్పను చూసి, మొదట అది తనదేనా అని అనుమానపడ్డాడు. నడుం మడతలు రెండు పెరిగాయి. ముందు రోజు కురిసిన వానకు అది గొంతు ఎత్తి బ్రాక్, బ్రాక్ అని అరిచిన సంగతి ఆంజనేయప్ప అభినయించి చూపించాడు.

"బెంగుళూరులో ఏడాదిగా ఒక్కసారి అరవలేదు పెద్దమ్మా. ఇది నీ దగ్గరే ఉండనీ."

"నువ్వడిగితే గదా నేను ఇచ్చేది," అంది అక్కయమ్మ.

పునీత్ ద్వారా ఆమె నంబరు బెంగుళూరు కప్పల యజమానులకు చేరింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి కన్నడంలోకి దిగి, తమ కప్ప తినడం లేదని వాళ్ళు దుఃఖంతో చెప్పేవారు. అక్కయమ్మ అంతా ఓపిగ్గా విని, "తలుపు తెరిచింది ఎవురు?" అని తెలుగులోనే అడిగేది. అవతల ఎవరో తల వంచుకున్న నిశ్శబ్దం వినిపించేది.

దొర ఆకలి పెద్దది. రామచంద్రప్ప పంట గూళ్ళు కట్టింది, పురుగులు అయిపోయాయి. వెనకబడిన పురుగుల కోసమని, కేవలం దొర ఉపాహారం నిమిత్తం, తాను మళ్ళీ యాభై గుడ్ల పంట పెడుతున్నట్టు అక్కయమ్మ ప్రకటించింది. పట్టులెక్కలో ఒక గుడ్డంటే ఒక్క సీతాకోక పెట్టిన నాలుగైదు వందల గుడ్ల మొత్తం. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఆమె ఇల్లంతా కడిగింది, సున్నం చల్లింది, గాజుపెట్టెను మాత్రం ముందే వంటింట్లోకి మార్చింది. మొదటి జ్వరం, రెండో జ్వరం, మూడో జ్వరం గడిచాయి. నాలుగో జ్వరం నుంచి పురుగులు లేచిన రోజు పొద్దున రామచంద్రప్ప కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. తట్టల మధ్య అక్కయమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏం వదినా, అట్లుండావు?"

"దొర పస్తు ఉండాల్సి వస్తాదేమో రామచంద్రప్పా. పొద్దున నుంచి వెతుకుతాండా. వెనకబడిన పురుగు ఒకటీ ల్యా."

రామచంద్రప్ప వంగి ఒక తట్ట చూశాడు. రెండోది చూశాడు. చివరి దాకా చూశాడు. వేలకు వేల పురుగులు, ఒకే వయసు, ఒకే పొడవు, ఒక్కసారే తల ఎత్తి ఆకు కోసం ఊగుతున్నాయి. ఆయన నిటారుగా లేచి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నాయింట్లో నిన్న రెండు వందల గుడ్లు దించితి," అన్నాడు. "దాంట్లో వెనకబడినవి శానా పడతాయి, దొరకు ఎన్ని కావాలన్నా ఇస్తా. కానీ... నువ్వొక తూరి వచ్చి చూసిపోతే బాగుంటాది వదినా."

"నేను చూస్తే అవి పడవు. మల్ల దొర సంగతి?"

"దొర కీచురాళ్ళు తిననీ," అన్నాడు రామచంద్రప్ప. "నువ్వు రా."